పేరు రాసుకునే కాగితం

ఏలూరు, పవర్‌పేట
9 జూన్ 2024

పర్వీనక్కకి,

కుసుమని. కవరు మీద చేతిరాత చూసి ఎవరా అనుకుని ఉంటావు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "బాగున్నావామ్మా, పిల్లలకి అన్నం పెట్టాలి" అని పెట్టేస్తావు. నువ్వు ఉద్యోగం మానేసి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయిన ఈ మూడేళ్ళలో అలా ఐదుసార్లు పెట్టేశావు. అందుకే కాగితం. దీన్ని మధ్యలో పెట్టేసినా మిగతాది ఎక్కడికీ పోదు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఆవిడ, "ఉద్యోగానికి అప్లికేషనా అండీ?" అంది. కాదండీ, ఉన్న ఉద్యోగం మీద ఏడుపు అందామనుకున్నాను.

నిన్న కంపెనీ వార్షికోత్సవం జరిగింది. స్టేజీ మీదకి పిలిచి నాకు "దీర్ఘకాల సేవ" అని ఒక అద్దం పలక ఇచ్చారు. దాని మీద కొల్లేటి పెలికాన్ బొమ్మ. మన ఓనరు నరసరాజు గారు మైకులో, "కుసుమ మా ఇంటి పిల్లండీ. తొమ్మిదేళ్ళయింది. కంపెనీలు కాళ్ళకి మొక్కినా ఎక్కడికీ పోదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను అక్కా, పళ్ళన్నీ కనిపించేలా. పది నిమిషాల తర్వాత అదే మైకులో, కొత్త ఇంజనీరింగ్ హెడ్ దొరికేదాకా వెంకట్రాజు ఆ పని చూసుకుంటాడని చెప్పారు.

వెంకట్రాజు నీకు తెలియదు. వచ్చి పద్నాలుగు నెలలు. ఆరేళ్ళలో ఇది నాలుగో కంపెనీ. మీటరులో ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో కలిదిండిలో మా నాన్న చెరువు గట్టు మీద నిలబెట్టి నేనే నేర్పాను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా, ఆ కొమ్ములకి నూనె రాసింది కూడా నేనే.

నువ్వు వెళ్ళాక జరిగింది చెబుతాను. నువ్వూ నేనూ ఉండగా రాజేష్ హెడ్ అయ్యాడు కదా. ఏడాదిన్నర ఉండి హైదరాబాద్ పోయాడు. తర్వాత బయటి నుంచి శ్యామ్ సుందర్‌ని తెచ్చారు. పదకొండు నెలలకి అతనూ బెంగళూరు పోయాడు. ఇద్దరికీ పని నేర్పింది నేను, వాళ్ళు పోయాక మిగిలిన పని ఎత్తుకున్నదీ నేను. నువ్వున్నప్పుడు మన మీటర్లు నలభై చెరువుల్లో తేలేవి. ఇప్పుడు కలిదిండి నుంచి ఉండి మండలం దాకా రెండు వేలు. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్ మోగుతుంది, చేపలు బతుకుతాయి. మీటరుకి పాచి పట్టి తప్పు లెక్క చెబితే పట్టుకునే ప్రోగ్రాము నేను రాశాను. కంపెనీ పుస్తకంలో దాని కింద "రాజేష్ బృందం" అని ఉంది. ఆ బృందం అంటే నేనొక్కదాన్నే.

జులై ఒకటో తారీకున మళ్ళీ కాగితం అంటిస్తారట. నీకు గుర్తుండే ఉంటుంది, క్యాంటీన్ పక్క నోటీసు బోర్డు మీద తెల్ల కాగితం. పదవి కావాలన్నవాళ్ళు తమ పేరు తామే రాసుకోవాలి. పదిహేనో రోజు సాయంత్రం తీసేస్తారు. ఎవరూ ఎవరినీ అడగరు. "చెరువు పాటలో నోరు తెరిచినోడిదే చెరువు" అంటారుగా రాజు గారు. ఊళ్ళో చెరువుల వేలంపాట పద్ధతి తెచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెట్టిన మహానుభావుడు.

నాకు ఆ పదవి కావాలి అక్కా. ఇది ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. రాయమంటావా? రాసి, అందరి ముందూ ఓడిపోయి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చోగలనా? నువ్వెందుకు వెళ్ళిపోయావో కూడా నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పాలనిపిస్తే చెప్పు.

కుసుమ

*

తాడేపల్లిగూడెం, కడకట్ల
16 జూన్ 2024

చిరంజీవి కుసుమకు,

నీ ఉత్తరం అందింది. రిజ్వాన్ గారు కవరు చూసి కోర్టు నోటీసేమోనని కంగారు పడ్డారు. ఆయన ఫ్లెక్సీల షాపు బాగానే నడుస్తోంది. పెద్దవాడు ఏడో తరగతి. చిన్నది ఖుష్బూ రెండో తరగతి. నేను ఇంట్లోనే ఒక బల్ల వేసుకుని, చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్ల స్టార్టర్ బోర్డులు బాగు చేస్తున్నాను. రైతులు సంచుల్లో వేసి తెచ్చి ఇస్తారు. ఉల్లిపాయల మార్కెట్ నుంచి ఎలక్ట్రానిక్ కాటాలు కూడా వస్తాయి. పనికి కొదవ లేదు.

పేరు రాయాలా వద్దా అని నన్నెందుకు అడుగుతున్నావు? కావాలనుకుంటే రాయి. వద్దనుకుంటే మానెయ్యి. అది నీ పేరు, నీ పెన్ను.

నేనెందుకు మానేశానంటే, పిల్లలు చిన్నవాళ్ళు. రోజూ రైల్లో పోయి రావడం కష్టమైంది. అప్పుడే అందరికీ చెప్పాను కదా.

మీ నాన్నగారు అబ్బాయిరాజు గారి ఆరోగ్యం బాగుందని తలుస్తాను.

పర్వీన్

*

ఏలూరు
23 జూన్ 2024

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. స్టార్టర్ బోర్డుల గురించి ఉంది, కాటాల గురించి ఉంది, నీ గురించి ఒక్క ముక్క లేదు. కరెంటు బిల్లు కూడా ఇంతకంటే ఆప్యాయంగా ఉంటుంది.

పిల్లలు చిన్నవాళ్ళని నాతోనా చెబుతావు? ఖుష్బూ కడుపులో ఉండగా ఎనిమిదో నెల దాకా చెరువు గట్లు తిరిగిన మనిషివి. రిజ్వాన్ గారు వద్దంటుంటే బస్సు దిగి ఆటో ఎక్కి కలిదిండి వచ్చి, మొదటి మీటరు బోర్డు మా అమ్మ వంటింట్లో పీట మీద పెట్టుకుని టంకంతో అతికించావు. అమ్మ ఇప్పటికీ ఆ పీట మీద కాలిన మచ్చ చూపించి నిన్ను తలుచుకుంటుంది. అలాంటిదానివి రైలు ప్రయాణానికి భయపడి మానేశావంటే ఎవరైనా నమ్ముతారేమో. నేను నమ్మను.

ఇన్నాళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. 2021లో కాగితం మీద మొదటి రోజే నీ పేరు రాశావు. నీలం సిరాతో, తెలుగులో, పొందికగా. నిన్ను చూసి నేను రాయలేదు. నాకంటే రెండేళ్ళు ముందు వచ్చినదానివి, పని నేర్పినదానివి. నీ పేరు కింద నా పేరు ఎలా రాస్తాను? అన్నం పెట్టినదాని కంచంలో చెయ్యి పెట్టినట్టుంటుంది. ఆఖరి రోజుల్లో నేను కలిదిండిలో మీటరు చెడిపోయిందని వెళ్ళి అక్కడే ఉండిపోయాను. సోమవారం వచ్చి అడిగితే నీ పేరు మీద గీత పడిందన్నారు. రాజేష్ పేరొక్కటే మిగిలింది. పోటీ లేదు కాబట్టి ఇంటర్వ్యూ కూడా లేకుండా వాడికిచ్చేశారు. రెండు నెలలకి నువ్వు వెళ్ళిపోయావు.

ఎవరు కొట్టించారు ఆ పేరు? రాజు గారా? రిజ్వాన్ గారా? ఇన్నాళ్ళూ రిజ్వాన్ గారేనని మనసులో ఆయన్ని తిట్టుకున్నాను. తప్పయితే ఆయనకి చెప్పు, క్షమించమని.

కుసుమ

*

తాడేపల్లిగూడెం
28 జూన్ 2024

కుసుమా,

రిజ్వాన్ గారికి చదివి వినిపించాను. "ఆ అమ్మాయి మూడేళ్ళు తిట్టిందా? అందుకేనేమో నా ప్రింటర్లు అన్నిసార్లు చెడిపోయాయి" అన్నారు. నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎవరూ కొట్టించలేదు. నేనే కొట్టేశాను.

ఆ ఏడాది మీ నాన్నగారి చెరువులో చేపలన్నీ తేలిపోయాయి. గుర్తుందిగా. నువ్వు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు కానీ, మధ్యాహ్నం క్యాంటీన్‌కి రావడం మానేసి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర ఒక్కదానివే తింటుంటే నాకు తెలియదా? నీ పెళ్ళి మాటలు కూడా ఆగిపోయాయి. నా పేరు ఉన్నంతకాలం నువ్వు రాయవని నాకు తెలుసు. అడిగితే "నువ్వే అక్కా, నువ్వే" అంటావు. అందుకని అడగలేదు. ఆఖరి రోజుకి ముందు సాయంత్రం, అందరూ వెళ్ళాక, నా పేరు మీద గీత పెట్టాను. తెల్లారి నువ్వు చూస్తావు, రాసుకుంటావు అనుకున్నాను. నాకూ ఆ పదవి కావాలి కుసుమా. నీకెంత కావాలో నాకూ అంతే. ఎనిమిదేళ్ళు ఆ బోర్డుల మీద కళ్ళు పోగొట్టుకున్నాను. అది తీసి నీ చేతిలో పెడుతున్నాను అనుకున్నాను.

నువ్వు రాయలేదు. రాజేష్‌కి వెళ్ళింది. వచ్చి పదకొండు నెలలే అయినవాడి కింద నేను పని చేశాను. మొదటి వారంలోనే నా బోర్డు బొమ్మ చూపించి "ఇది కొంచెం పాత పద్ధతి కదా మేడమ్" అన్నాడు. నీ మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. నా ముద్ద నీ కంచంలో వేస్తే, నువ్వది కాకులకి వేశావు. అడిగి తిట్టే హక్కు కూడా నాకు లేదు, ఎందుకంటే నువ్వు అడగలేదు. నీకు తెలియదు. అందుకే నీ ఫోన్ ఎత్తలేకపోయాను.

ఇంకొకటి దాచాను. పోయిన నెల నరసరాజు గారు ఫోన్ చేశారు. "బయట మూడేళ్ళు ఉన్నావు కదమ్మా, రైతుల దగ్గర నీ పేరు బాగా వినబడుతోంది. హెడ్ పదవికి నువ్వూ పేరివ్వకూడదా?" అన్నారు. లోపల ఎనిమిదేళ్ళున్నప్పుడు వినబడని పేరు బయటికొచ్చాక వినబడింది. నేను ఇంకా ఏమీ చెప్పలేదు. నీకు మొదటి ఉత్తరంలో రాయలేకపోయాను.

పర్వీన్

*

ఏలూరు
5 జులై 2024

అక్కా,

కాగితం అంటించారు. పది నిమిషాల్లో వెంకట్రాజు వచ్చి తన పేరు పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాడు. "కుసుమ గారూ, మీరు రాయరా?" అన్నాడు. వాడి మొహంలో ఎగతాళి లేదు అక్కా. నిజంగానే అడిగాడు. అదే ఇంకా మండింది. వాడికి పేరు రాయడమంటే మంచినీళ్ళు తాగడం లాంటిది. నాకు మాత్రం ఎవరో చూస్తున్నట్టు, ఎవరిదో తీసుకుంటున్నట్టు ఎందుకుంటుంది?

నేను నీతో ఒక అబద్ధం ఆడాను. ఇంత రాశాక ఇంక దాచడం నా వల్ల కాదు.

అప్పుడు నేను సోమవారం దాకా కలిదిండిలో లేను. ఆఖరి రోజు మధ్యాహ్నం పన్నెండింటికే ఆఫీసుకి వచ్చేశాను, నువ్వు ఆ రోజు సెలవు. బురద కాళ్ళు కడుక్కుని క్యాంటీన్ వైపు వెళ్తుంటే కాగితం కనిపించింది. నీ పేరు మీద గీత చూశాను. సాయంత్రం దాకా సమయం ఉంది. పెన్ను చేతిలోనే ఉంది. అక్కడ చాలాసేపు నిలబడ్డాను. "పర్వీన్‌ని తప్పించి కుసుమ ఎక్కింది" అంటారని భయపడ్డాను. ఓడిపోతే "నీకెందుకమ్మా ఇవన్నీ" అంటారని భయపడ్డాను. ఎవరైనా వచ్చి రాయమని ఒక్క మాట అంటే రాసేదాన్ని. ఎవరూ రాలేదు. నడిచి వెళ్ళిపోయాను. సాయంత్రం ఆరింటికి ఆనంద్ పాల్ మేనేజరు గారు కాగితం తీస్తుంటే నా కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాను.

నువ్వు నాకిచ్చిన దాన్ని నేను తీసుకోలేదు. నువ్వు తిట్టుకున్నది న్యాయమే.

ఇప్పుడు రాజు గారు నిన్నే పిలిచారు కాబట్టి నువ్వే పేరివ్వు. అప్పటి బాకీ తీరిపోతుంది. నేను రాయను. నువ్వు హెడ్ అయితే నీ కింద సంతోషంగా చేస్తాను.

కుసుమ

*

తాడేపల్లిగూడెం
9 జులై 2024

కుసుమా,

నీకు సిగ్గుందా?

పేజీన్నర తప్పు ఒప్పుకుని, చివరి మూడు వాక్యాల్లో మళ్ళీ అదే తప్పు చేశావు. నేను నీ కోసం గీత పెట్టాను. నువ్వు నా కోసం రాయకుండా ఉంటావు. మనిద్దరం ఒకరికొకరు దారిచ్చుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడితే, మధ్యలోంచి వెంకట్రాజు లోపలికెళ్ళి కూర్చుంటాడు. వాడి తప్పు ఇందులో ఏముంది? తలుపు తీసి ఉంది, వెళ్ళాడు.

నిన్న నరసరాజు గారికి ఫోన్ చేసి నా పేరు కాగితం మీద రాయమన్నాను. ఆనంద్ పాల్ గారు రాసి ఉంటారు, చూసుకో. నేను గెలవడానికే వస్తున్నాను. నిన్ను ఓడించగలిగితే ఓడిస్తాను. నీ ప్రోగ్రాముల్లో లోపాలు నాకు తెలుసు, అవి కూడా చెబుతాను.

పదిహేనో తారీకు సాయంత్రం ఆ కాగితం మీద నీ పేరు లేకపోతే నాకింక ఉత్తరాలు రాయకు. బాకీ అన్న మాట మళ్ళీ ఎత్తకు. నాకు నీ జాలి వద్దు, నీ పోటీ కావాలి.

పర్వీన్

*

ఏలూరు
28 జులై 2024

అక్కా,

రాశాను. నీ పేరు కిందే రాశాను. 'సు' కొమ్ము వంకర పోయింది. ఎవరూ చూడలేదు, ఆకాశమూ విరిగిపడలేదు. క్యాంటీన్లో ఇడ్లీ అయిపోయింది, అంతే.

నీకు పొద్దున్న ఇంటర్వ్యూ, నాకు మధ్యాహ్నం. ఎదురుపడకుండా చేశారు. లోపల ముగ్గురు. రాజు గారు, ఆనంద్ పాల్ గారు, రైతుల తరఫున ఉండి మండలం నుంచి జగ్గారావు గారు. జగ్గారావు గారు పాచి గురించి, వాన రోజుల్లో మీటర్లు మొరాయించడం గురించి అడిగారు. నేను బాగా చెప్పాను అక్కా. గొప్ప కాదు, నిజం చెబుతున్నాను. ఆయన "శభాష్" కూడా అన్నారు. గంట అయ్యాక ఆనంద్ పాల్ గారు కళ్ళజోడు తీసి, "అన్నీ బాగున్నాయమ్మా. మరి రేపు పెళ్ళయ్యాక ఎన్నాళ్ళుంటావు? హెడ్ అంటే నిలకడగా ఉండాలి కదా" అన్నారు.

 నేను చెప్పాను.

"రాజేష్ గారు ఏడాదిన్నర ఉన్నారండి. శ్యామ్ సుందర్ గారు పదకొండు నెలలు. వెంకట్రాజు గారిది ఆరేళ్ళలో నాలుగు కంపెనీలు. నాది తొమ్మిదేళ్ళండి, ఒకటే కంపెనీ. ఎన్నాళ్ళుంటారని వాళ్ళనడిగారాండి?"

"వాళ్ళు పైకి ఎదుగుదామని వెళ్ళారమ్మా."

"మరి నేనండి?"

"నువ్వు ఇంటి మనిషివి కదమ్మా."

మగవాడు పోతే ఎదిగాడట. నేను ఉంటే ఇంటి మనిషినట. రేపు నేను పోతానేమో అంటే నిలకడ లేనిదాన్నట. ఏ దారిన పోయినా గోడే అక్కా. లేచి వచ్చేయాలనిపించింది. రాలేదు. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి వచ్చాను.

ఆ వారంలోనే వెంకట్రాజు హైదరాబాద్ నుంచి ఆఫర్ లెటర్ తెచ్చి చూపించాడు. ఇక్కడ జీతం పెంచుతామన్నా వినకుండా వెళ్ళిపోయాడు. పోటీలోంచి పేరు తీసేశారు. అంటే నువ్వూ నేనే మిగిలాం. నిన్న రాజు గారు నన్ను గదిలోకి పిలిచి, కాఫీ తెప్పించి, చాలా ఆప్యాయంగా ఏమన్నారో తెలుసా?

"ఇద్దరూ బాగా చెప్పారమ్మా. నాకెందుకు ఈ పాపం? మీరిద్దరూ అక్కచెల్లెళ్ళలాంటి వాళ్ళు. మీలో మీరు అనుకుని, ఎవరుంటారో వచ్చే సోమవారానికి చెప్పండి. గొడవ లేకుండా పోతుంది."

అలవాటైన నోరు కదా, "అలాగేనండి" అనేసింది. మెట్లు దిగి స్కూటీ దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా మంట. వెంకట్రాజూ రాజేషూ మిగిలి ఉంటే మీలో మీరు అనుకోండి అనేవారా? మళ్ళీ పైకెళ్ళి చెప్పాను. "ఏవండీ, ఇందాక అలాగేనన్నాను. కాదండి. నేను వదులుకోను. పర్వీనక్కని వదులుకోమని అడగను. మీరే తేల్చాలండి." ఆయన ఏదో అనబోతుంటే మెట్లు దిగి వచ్చేశాను.

నువ్వు కూడా వదలకు. వదిలితే ఈసారి ఫోన్ ఎత్తనిది నేను.

కుసుమ

*

తాడేపల్లిగూడెం
1 ఆగస్టు 2024

కుసుమా,

నాకూ ఫోన్ చేశారు. అవే మాటలు. "చెరువు పాటకి ఇద్దరొస్తే, మీలో మీరు అనుకుని రండి అని పంపించేస్తారా అండి?" అన్నాను. నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపేసి, "సరేనమ్మా, నేనే తేలుస్తాను" అన్నారు.

నీకో మాట చెప్పాలి. ఇంటర్వ్యూ అయ్యాక రైల్లో వస్తున్నాను. భీమడోలులో రైలు చాలాసేపు ఆగింది. కిటికీ పక్కన కూర్చుని, రేపు నాకే వచ్చిందని తెలిస్తే నీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. సంతోషం వేసింది. ఎంత సంతోషమంటే, పక్కన ఉన్న ముసలావిడ "ఏమ్మా, అబ్బాయి పాసయ్యాడా?" అని అడిగింది. తర్వాత సిగ్గేసింది. ఇల్లు చేరేసరికి సిగ్గు కూడా పోయింది. ఇన్నేళ్ళూ మంచిదాన్ని అనిపించుకోవడానికి చాలా ఖర్చు పెట్టాను. ఇంక చాలు.

నీ ప్రోగ్రాములో వాన రోజుల లోపం గురించి నేను నిజంగానే చెప్పాను. నువ్వు నా బోర్డు గురించి ఏం చెప్పావో జగ్గారావు గారు నాకు చెప్పారులే. ఉప్పు పట్టి తుప్పు పడుతుందన్నావట. నిజమే. పడుతుంది.

ఎవరికి వచ్చినా రెండోవాళ్ళకి బాధ ఉంటుంది. అది పోగొట్టే మాట నా దగ్గర లేదు.

పర్వీన్

*

ఏలూరు
18 ఆగస్టు 2024

పర్వీనక్కకి,

నీకు వచ్చింది. శుక్రవారం చెప్పారు. శుభాకాంక్షలు. ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఎందుకు నీకిచ్చారని అడిగాను. అడగకూడదట కానీ అడిగాను. ఆనంద్ పాల్ గారు చెప్పిందేమిటంటే, బోర్డు దగ్గర్నుంచి గట్టు మీద రైతు దాకా మొత్తం పనిని నువ్వు ఒకే కాగితం మీద చూపించావట. నేను నా ప్రోగ్రాము గురించే ఎక్కువ మాట్లాడానట. అది నిజమే అయ్యుంటుంది. నువ్వు బాగా చేశావు. కానీ రాజు గారు గదిలో ఇంకో మాట అన్నారు. "పర్వీన్‌కి ఇవ్వకపోతే రాదమ్మా. నువ్వైతే ఎలాగూ ఉంటావుగా."

నువ్వైతే ఎలాగూ ఉంటావుగా. తొమ్మిదేళ్ళ ఉద్యోగానికి నాకొచ్చిన మార్కులు అవి. వెళ్ళిపోయినదానివి కాబట్టి నీకు విలువ పెరిగింది, ఉండిపోయాను కాబట్టి నాది తరిగింది. ఇందులో నీ తప్పు లేదు, నువ్వు గెలిచావు. అయినా ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

నిన్న రాజీనామా ఇచ్చాను. భీమవరంలో చేపల మేత కంపెనీవాళ్ళు సాఫ్ట్‌వేర్ విభాగానికి హెడ్ కావాలని ప్రకటన ఇస్తే, జులైలోనే నా పేరు పంపించాను. ఇక్కడ పేరు రాసుకున్న మర్నాడే. నీకు చెప్పలేదు. వాళ్ళు రమ్మన్నారు. రాజు గారికి కాగితం ఇస్తే కుర్చీలోంచి లేచారు. "ఏమ్మా, ఎంత కావాలో చెప్పు. పెంచుతాను. ముందే ఒక మాట చెప్పొచ్చు కదా" అన్నారు. ముందే అంటే ఎప్పుడండి, అని అడిగాను. ఆయన మళ్ళీ కాఫీ తెప్పిస్తుంటే పాపం అనిపించింది. పాపం అనిపించినా కాగితం వెనక్కి తీసుకోలేదు.

ఉండిపొమ్మని నువ్వు అడగొద్దు. హెడ్‌గా అడగొద్దు, అక్కగా అసలే అడగొద్దు. అలిగి పోతున్నాననుకోకు. అలకైతే ఒక కాఫీతో తీరిపోయేది. నోటీసు రెండు నెలలు ఉంది. పాచి ప్రోగ్రాము మొత్తం వివరంగా రాసి పెడుతున్నాను. రాసింది ఎవరో పేరు కూడా మొదటి పేజీలో పెట్టాను. ఎవరైనా తీసేస్తే నీదే పూచీ.

నాకు చాలా నొప్పిగా ఉంది అక్కా. మా అమ్మ అన్నం పెడుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందన్నాను. తొమ్మిదేళ్ళలో నేను ఓడిపోవడం ఇదే మొదటిసారి. ఇదివరకు ఎప్పుడూ ఓడిపోలేదు, వదిలేసుకున్నానంతే. వదిలేసుకున్నప్పుడు ఇంత నొప్పి లేదు, పైగా మంచి పిల్ల అని పేరు కూడా వచ్చేది. ఈ నొప్పి తెలియకుండా ముసలిదాన్నయిపోయేదాన్నేమో.

రేపు సోమవారం. నువ్వు చేరతావు. ఈ ఉత్తరం నీకు అందేసరికి నా ఎదురు గదిలో కూర్చుని రెండు రోజులై ఉంటుంది. రోజూ "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటాను, అడిగిన పని చేసి పెడతాను. క్యాంటీన్లో మాత్రం నా బల్ల దగ్గరికి రాకు. అంతకంటే ఇప్పట్లో నా వల్ల కాదు.

కుసుమ